పాట లేకుండా మట్టపల్లికి పోయిన కారు

నన్ను పనిలోంచి తీసేసింది ఒక వైరు గురించి. దొంగతనం చేశానని తీసేస్తే ఒక లెక్క, తాగి వచ్చానని తీసేస్తే ఒక లెక్క. కారులోంచి పాట తీసేశానని నన్ను తీసేశారు. ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనక పని మానేసి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి రాయడానికి తీరిక దొరికింది. కార్లలో ఆంప్లిఫయర్లు బిగించే పనిలో కొత్తగా చేరినవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా నాకేం నష్టం లేదు. మావాళ్ళు అప్పుడే నవ్వారు.

నేను పని చేసింది సూర్యాపేటలో, హైవే పక్కన ఒక కార్ డెకరేషన్ దుకాణంలో. సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు, అద్దాలకు నల్ల కాగితం, వీటన్నిటితో పాటు మ్యూజిక్ సిస్టం. నాది వైరింగు పని, ఆ పని చేసే ఫిట్టర్లలో నాకంటే పెద్దవాడు ఒకాయన ఉండేవాడు. ఆయన్ను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. లారీల కింద పడుకుని లైట్ల వైర్లు కలుపుతూ పని నేర్చుకుని కార్లలోకి వచ్చిన మనిషి. నాకు టెస్టరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మ్యాటు కింద ఆయన పరిచిన వైరు చూస్తే ఇస్త్రీ చేసి పెట్టాడా అనిపించేది. ఆ చేతిపనిని ఇప్పటికీ మెచ్చుకుంటాను, తర్వాత మా మధ్య జరిగింది వేరే సంగతి.

ఆంప్లిఫయర్ అంటే పాటకు బలం పోసే డబ్బా. డిక్కీలో కూర్చుంటుంది. దాని ఆకలి ఎక్కువ, కంపెనీ ఇచ్చిన సన్న వైర్లు దానికి చాలవు. అందుకని ముందున్న బ్యాటరీ నుంచి వెనకున్న డిక్కీ దాకా వేలంత లావు ఎర్ర వైరు లాగాలి. ఆ వైరు కారు పొడుగునా ఇనుము పక్క నుంచే పోతుంది. ఎక్కడైనా తొక్క చిరిగి లోపలి రాగి ఇనుముకు తగిలిందంటే బ్యాటరీ బలమంతా అక్కడే కక్కుతుంది. వైరు కాగుతుంది, దాని మీది ప్లాస్టిక్ అంటుకుంటుంది, తర్వాత మ్యాటు, తర్వాత సీటు. దాన్ని ఆపేది ఒక్క ఫ్యూజే. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. వెనక డిక్కీలో పెట్టిన ఫ్యూజు ఆంప్లిఫయర్‌ను కాపాడుతుంది గానీ తనకు ముందున్న వైరును కాపాడలేదు. దొంగ వీధి గుమ్మంలోంచి వస్తుంటే పెరటి తలుపుకు గొళ్ళెం పెట్టినట్టన్నమాట.

ఇంతకు మించి కరెంటు పాఠం చెప్పను. ఈ ముక్క అర్థమైతే మిగతా కథ అర్థమవుతుంది.

మా దుకాణంలో ఫ్యూజు ఎప్పుడూ డిక్కీలోనే పెట్టేవాళ్ళు. కారణం ఖర్చు కాదు, తెలియక కూడా కాదు. ఆ ఫ్యూజు పెట్టె గాజుది, లోపల నీలం లైటు వెలుగుతుంది. డిక్కీ ఎత్తగానే తళతళమని కనబడితే గిరాకీ సంతోషపడతాడు, పక్కవాడికి చూపిస్తాడు, ఆ పక్కవాడు రేపు మా దుకాణానికి వస్తాడు. బానెట్ కింద పెడితే ఎవడు చూస్తాడు? నేను మాత్రం రెండు పెట్టేవాణ్ణి, వెనకది చూపుకు, ముందరిది కాపుకు. మిగతా ఫిట్టర్లు ఆటపట్టించేవాళ్ళు.

"ముందటొకటి ఎనకొకటి. బండికి తాయెత్తులు కడుతున్నవా ఏంది?" అనేవాళ్ళు.

"మీ బండ్లకు కట్టేటోడు లేడు గదా, నా బండ్లకన్న కట్టుకోనియ్యిండ్రి" అనేవాణ్ణి.

ఓనరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. నేను పనిలో ఆలస్యం చేసేవాణ్ణి కాదు, నా బండి తిరిగి గోల పెట్టుకుంటూ వచ్చేది కాదు, ఆయనకు అదే చాలు.

అసలు తంటా కొత్త బండ్లతో వచ్చేది. మా దుకాణానికి వచ్చేవాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. పూజ కాకముందు కొత్త బండి ఒంటికి డ్రిల్లు తగలకూడదు. సీటు కవరు తొడగొచ్చు, స్టిక్కరు అంటించొచ్చు, రంధ్రం మాత్రం పెట్టొద్దు. మంచిదే, ఎవరి నమ్మకం వారిది. కానీ పూజ రోజుకే పాట కూడా కావాలి వాళ్ళకు, అదీ వాకిలి అదిరిపోయేటట్టు. ఇంజను ఉండే గది నుంచి మనుషులు కూర్చునే గదిలోకి వైరు రావాలంటే మధ్యలో ఇనుప గోడ ఉంది. కొన్ని బండ్లలో కంపెనీవాడే దారి వదులుతాడు, కొన్నింట్లో ఉండదు. ఉండనప్పుడు రంధ్రం పెట్టి, అంచు కోసుకుపోకుండా రబ్బరు రింగు తొడిగి, అందులోంచి వైరు తేవాలి. రంధ్రం వద్దన్నప్పుడు మా దుకాణంవాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, బానెట్ పక్క సందులోంచి వైరును బయటికి తీసి, డ్రైవరు తలుపు బందుల సందులోంచి లోపలికి దూర్చేవాళ్ళు. తలుపు వేసినప్పుడల్లా వైరు నలుగుతుంది.

"పూజ అయినంక తీసుకరాండ్రి, మంచిగ సెట్ చేస్తం" అని చెప్పి పంపేవాళ్ళు. పాట మంచిగా వస్తుంటే మళ్ళీ ఎవరొస్తారు? ఎవరూ రాలేదు.

పూజ అయ్యేదాకా ఆంప్లిఫయర్ కలపొద్దని నేను ఓనరుతో చాలాసార్లు అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసేవాడు. "పూజనాడు పాట లేకుంటే ఇగ వాళ్ళు మన దగ్గరికి ఎందుకొస్తరయ్యా?" అనేవాడు. వ్యాపారం లెక్కన ఆ మాటలో తప్పు లేదు, అందుకే నాకు ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో మిర్యాలగూడ సావుకారి కారు వచ్చింది. రైస్ మిల్లు ఉన్న కుటుంబం, మా ఓనరుకు ఎన్నాళ్ళ నుంచో తెలిసినవాళ్ళు, వాళ్ళ మాట మీద ఎన్నో కార్లు మా దుకాణానికి వచ్చేవి. మూడు వరుసల సీట్లున్న పెద్ద తెల్ల బండి. ఆ రోజు నేను ఇంకో బండి హారను సంగతి చూస్తున్నాను, సావుకారి కారు వైరింగంతా అన్న ఒక్కడే చేశాడు. నేను బానెట్ ఎత్తి చూడలేదు. ఆయన పనిని నేను తనిఖీ చేయడమేమిటి?

పూజ వాళ్ళ మిల్లు ఆవరణలో. పాట అక్కడే సరిగ్గా సెట్ చేయాలని ఓనరు మా ఇద్దరినీ పొద్దున బస్సెక్కించాడు. మేం చేరేసరికి ఉడికిన వడ్ల వాసన మధ్య బంతిపూల వాసన. చుట్టాలు, హమాలీలు, పక్క మిల్లులవాళ్ళు అందరూ పోగయ్యారు. పూజ కాగానే కుటుంబమంతా అదే కారులో నేరేడుచర్ల మీదుగా మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి పోవాలని అనుకున్నారు. అన్న డిక్కీ ఎత్తి నీలం లైటు చూపించాడు, జనం మూగారు, సావుకారి ముఖం వెలిగిపోయింది. అయ్యగారు మంత్రాలు చదివారు, గుమ్మడికాయ దిష్టి తీశారు, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టారు. సావుకారి తల్లి మధ్య సీట్లో కూర్చుంది. కోడళ్ళు ఎక్కారు, వెనక వరుసలో పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారు.

డ్రైవరు తన తలుపు వేశాడు. అది పడలేదు. ఇంకోసారి గట్టిగా వేస్తే పడింది.

కొత్త బండి తలుపు రెండోసారి తోయాల్సిన పని లేదు. నేను వెళ్ళి ఆ తలుపు తెరిచి బందుల దగ్గర వంగి చూశాను. ఎర్ర వైరు నలిగి చదునైపోయి ఉంది, తొక్క చీలి లోపల రాగి పోగులు కనబడుతున్నాయి. ఆ రాగికీ ఇనుముకూ మధ్య కారు రంగు పొర ఒక్కటే అడ్డం. అన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, ముందట ఫ్యూజు ఏసినవా?"

"ఎనక ఏసిన గదా."

"ముందట?"

"పూజ అయినంక ఏస్తం తియ్. ఇప్పుడు నస పెట్టకు."

"రాగి తేలింది అన్నా. పిల్లలు కూసున్నరు. ముందట ఫ్యూజు లేదు, గది ఇనుముకు తగిలితే ఆపేటిది ఏం లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "పదిమందిల నా పని తప్పంటవా? నీకు టెస్టరు పట్టుడు నేర్పింది ఎవరు?"

"నువ్వే నేర్పినవ్. అందుకే నీకు ముందు జెప్తున్న."

అన్న ఓనరుకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు. నేను సంగతి చెప్పాను. అవతల నుంచి ఓనరు నెమ్మదిగానే మాట్లాడాడు, ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"ఇన్నేండ్ల సంది ఇన్ని బండ్లు పంపినం. ఒక్కటన్న కాలిందా?"

"కాలినంక జెప్పనీకి నేనెందుకు సేటూ? అప్పుడు అందరూ జెప్తరు."

"పాట పెట్టు, ప్రసాదం తిను, బస్సెక్కి రా. ఇంకో మాట మాట్లాడితే రేపటి సంది పనికి రాకు."

ఫోను అన్నకు తిరిగిచ్చాను. నాకు నిజంగా భయమేసింది. ఆ పని పోతే నాకు ఇంకో పని రాదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు. కానీ ఆ చీలిన వైరును చూసిన కళ్ళు నావే. చూడనివాడు హాయిగా ప్రసాదం తింటాడు. చూసినవాడు తినలేడు, అంతే తేడా. నేను బానెట్ ముందు నిలబడి సావుకారితో చెప్పాను.

"సావుకారీ, పాట వైరు ఒక్కటి బ్యాటరీ కాడ ఇప్పుత. బండి మంచిగ పోతది, ఏసీ వస్తది, లైట్లు వస్తయి. పాట ఒక్కటి రాదు. మట్టపల్లి పోయొచ్చినంక నేనే వచ్చి సక్కగ చేసిస్త."

సావుకారి నన్ను ఎగాదిగా చూశాడు. "పూజ అయిన బండిలకెల్లి వైరు తీస్తనంటవా? ఇప్పుడే గద అయ్యగారు దిష్టి తీసింది. ఇప్పుడు ఏదన్న తీస్తే మంచిదా?"

చూశారా తమాషా? పూజకు ముందు రంధ్రం పెట్టొద్దు, పూజ అయ్యాక వైరు తీయొద్దు. మరి బండిని బాగు చేయడానికి మంచి ముహూర్తం ఎప్పుడు? ఆ మాట నేను పైకే అన్నాను. జనంలో ఎవరో నవ్వారు, సావుకారికి ఇంకా మండింది.

"నువ్వెవరయ్యా నా బండి ఆపనీకి?"

"బండి ఆపుతలేను. గీ వైరు తీయకుండ మాత్రం కదలనియ్య."

"మీ సేటుకు జెప్తే నీ పని ఉంటదనుకున్నవా?"

"ఇప్పుడే జెప్పిండ్రు. ఉండదంట."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ రోజు నాకున్న బలమల్లా అదే. చేతిలో ఒక పానా, ముందు మూసి ఉన్న బానెట్. హమాలీలు ఇద్దరు నన్ను పక్కకు జరపడానికి ముందుకొచ్చారు. నేను కదలలేదు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు గానీ గుంజలేదు, సావుకారి వైపు చూశాడు.

అప్పుడు కారు మధ్య సీట్లోంచి సావుకారి తల్లి మాట వినిపించింది. "దేవుని కాడికి పోవాలంటే పాటలు గావాల్నారా? ఆ పిల్లగాడు ఏదో తీస్తనంటుండు, తీస్తే తీసిండు తియ్. ఉబ్బరిస్తాంది, పోదాం నడువుండ్రి."

ఆమెకు నా వైరు సంగతి పట్టలేదు, ఉక్కపోత సంగతి పట్టింది. నన్ను కాపాడింది ఆమె జ్ఞానమని చెప్పి ఆమెను దేవతను చేయను. ఎండ నన్ను కాపాడింది. సావుకారి తన తల్లి మాట కాదనలేక పక్కకు తిరిగి నిలబడ్డాడు. నేను బానెట్ ఎత్తి, ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, తర్వాత ఎర్ర వైరు విప్పి, కొసకు టేపు చుట్టి, మైనస్ మళ్ళీ బిగించాను. మీరూ ఎప్పుడూ మైనస్సే ముందు తీయాలి. ప్లస్ ముందు విప్పబోతే పానా ఇనుముకు తగిలి అక్కడే నిప్పు లేస్తుంది.

కారు నిమ్మకాయలు చితక్కొడుతూ కదిలింది. పాట లేదు. వెనక వరుసలో ఒక చిన్నపిల్ల పాట కావాలని ఏడవడం గేటు దాటేదాకా వినపడింది. సావుకారి తమ్ముడు నా వైపు చూసి కింద ఉమ్మేశాడు. ఆ పిల్ల ఏడుపే నాకు కష్టమనిపించింది, ఆ ఉమ్ము కాదు.

తిరుగు బస్సులో అన్న ముందు సీట్లో కూర్చున్నాడు, నేను వెనక సీట్లో. దుకాణంలో ఓనరు నన్ను కూర్చోమని కూడా అనలేదు. "నీకు చెయ్యి కన్న నోరు ఎక్కువైంది. ఇగ నీకూ నాకూ ఖతం" అన్నాడు. "నా చెయ్యి మంచిగనే ఉంది సేటూ, మీ బండ్లల్ల వైరు పోయే తొవ్వే బాగలేదు" అని నా పనిముట్ల సంచి తీసుకున్నాను. అన్న అంతసేపూ ఒక సీటు కవరు ముడి విప్పుతూ కూర్చున్నాడు. తలెత్తలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒక్కటే అడిగింది. "వైరు ఇప్పేటప్పుడు ఇంట్ల పొయ్యి యాదికి రాలేదా?"

"వచ్చింది. ఆ బండిల పిల్లలు గూడ యాదికొచ్చిండ్రు."

ఆమె అన్నం పెట్టింది గానీ రెండు రోజులు మాట్లాడలేదు.

మీరిప్పుడు ఒక మాట కోసం చూస్తున్నారని నాకు తెలుసు. ఆ కారు తర్వాత కాలిందనీ, అందరూ వచ్చి నా కాళ్ళ మీద పడ్డారనీ రాస్తానని. కాలలేదు. మట్టపల్లి పోయి క్షేమంగా వచ్చింది, ఇంకెక్కడో వైరు మళ్ళీ కలిపించుకున్నారట, ఎలా కలిపారో నాకు తెలియదు. తర్వాత కూడా కాలలేదు. "చూసినవా, ఊకెనే కడుపు మీద కొట్టుకున్నవ్" అని పాత ఫిట్టర్లు దారిలో కనబడితే అనేవాళ్ళు. జరగని ప్రమాదానికి సాక్షులు ఉండరు. మన పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే అక్కర్లేని పని చేశాడంటారు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది తెలుసుకుని రండి, మెచ్చుకోలు కావాలంటే స్టిక్కర్లు అంటించే పని చూసుకోండి.

సూర్యాపేటలో నాకు ఇంకెక్కడా పని దొరకలేదు. ఓనరు నా మీద చెడ్డగా చెప్పాడని అనను. చెప్పాల్సిన పని లేకుండానే ఊరంతా ఒక మాట పాకింది. పూజ అయిన బండిలోంచి వైరు తీసిన చెయ్యి అట, కొత్త బండి మీద ఆ చెయ్యి పడకూడదట. పని రానివాడన్నా నేను ఊరుకునేవాణ్ణేమో. నా చేతిని అపశకునం చేశారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

సరే, ఆ చెయ్యి తీసుకుని కోదాడ పోయాను. హైవే మీద ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాను. అక్కడ నా సంగతి ఎవరికీ తెలియదు. అటు ఆంధ్రవైపు బండ్లు కూడా ఆగేవి. మొదటి రోజు నుంచే నా నియమం చెప్పేవాణ్ణి. బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుండా, ఇనుప గోడకు రబ్బరు రింగు లేకుండా నేను వైరు లాగను. కొత్త బండికి రంధ్రం వద్దంటే పాట కూడా వద్దు.

ఒకాయన వచ్చి వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. "ఏవండీ, ఇంత చిన్న పనికి ఇంతసేపా? సూర్యాపేటలో అయితే టీ తాగేలోపు చేసేస్తారంటగా?"

"అయితే గాడ్నే టీ తాగుండ్రి" అన్నాను. వెళ్ళిపోయాడు. నెల తిరగకముందే మళ్ళీ వచ్చాడు, ఈసారి వాచీ చూసుకోలేదు. ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

చిలుకూరు నుంచి ఒక రైతు పూజ కాని కొత్త కారు తెచ్చాడు. డ్రిల్లు చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "పూజ గాని బండికి బొక్క పెడితే కీడు గదా?"

"కొత్తింటి దర్వాజకు మామిడాకులు కడతవు గదా, మేకు కొట్టకుండనే కడతవా?"

ఆయన పకపకా నవ్వాడు. "నీతోని పరేషానే. పెట్టు" అన్నాడు. తర్వాత అనంతగిరిలో ఉండే తన బావమరిదిని కూడా పంపాడు. అలా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వదిలేసి పోయినవాళ్ళూ చాలామందే ఉన్నారు, వాళ్ళ గురించి నేను ఏడవలేదు. అయితే సూర్యాపేట పేరు వింటే మాత్రం నా మెడ బిగుసుకునేది.

నేను పని మానేయడానికి కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు కొత్త కారు ఆగింది. డ్రైవరు లేడు. నడుపుకుంటూ వచ్చింది మా పాత ఓనరు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నేను స్టూలు జరిపాను, కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. వానల సంగతి మాట్లాడాడు, రోడ్డు సంగతి మాట్లాడాడు. చివరికి కారు వైపు చూశాడు.

"కొడుకు కొన్నడు. పాట పెట్టాలంటుండు. నీ చేత్తోని చెయ్యాలె."

"మీ దుకాణంల ఫిట్టర్లు లేరా సేటూ?"

"ఉన్నరు."

"మరి?"

ఆయన లారీల వైపు చూస్తూ అన్నాడు. "కోడలు, పసిపిల్ల తిరుగుతరు బండిల."

నాకు రక్తం తలకెక్కింది. అంటే ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసు. నేను పోట్లాడిన ప్రతిసారీ తెలుసు, ఆ రోజు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడినప్పుడూ తెలుసు. తెలియనివాడి మీద కోపం వస్తే దిగిపోతుంది, తెలిసినవాడి మీద వస్తే దిగదు.

"మిర్యాలగూడ బండిల ఏడ్సుకుంట పోయింది పసిపిల్ల కాదా?"

ఆయన నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. పొమ్మందామనుకున్నాను. కానీ ఆ కారులో కూర్చునే పిల్ల నాకేం పాపం చేసింది? అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది.

"చేస్త సేటూ. గీడ కాదు. మీ దుకాణంల చేస్త. పట్టపగలు, మీ ఫిట్టర్లందరి ముందట. ఏ చేతిని కొత్త బండి మీద పడనియ్యొద్దన్నరో, ఆ చెయ్యి మీ బండి మీద పడుతుంటే అందరూ సూడాలె."

"నేను అనలే ఆ మాట."

"మీరు కాదని గూడ అనలే."

ఆయన లేచి కారెక్కి వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. ఒక వారం గడిచాక ఫోను చేసి ఒక్కటే మాట అన్నాడు. "రా."

బస్సెక్కేటప్పుడు మా ఆవిడ "పని చేసి రా, పంచాది పెట్టుకోకు" అంది. నేను తలూపాను, మాట ఇవ్వలేదు.

దుకాణం మారిపోయింది. ముందు అద్దాలు, లోపల ఏసీ, నాకు తెలియని ఫిట్టర్లు. కారును సరిగ్గా ముందు భాగంలోనే పెట్టించాడు ఓనరు, ఆ మాట ఒప్పుకోవాలి. తను మాత్రం కౌంటరు వెనక ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఒక మూల కుర్చీలో అన్న కూర్చున్నాడు, కళ్ళద్దాలు వచ్చాయి. మేం పలకరించుకోలేదు.

నేను బానెట్ ఎత్తి మైనస్ తీశాను. డ్రిల్లు పట్టుకుని, ఈ బండికి పూజ అయిందా అని గట్టిగా అడిగాను. కాలేదని ఎవరో అన్నారు. కౌంటరు వైపు చూశాను. ఆయన వద్దనలేదు. ఇనుప గోడకు రంధ్రం పెట్టాను, అంచు నున్నగా రుద్దాను, రబ్బరు రింగు తొడిగాను, ఎర్ర వైరు అందులోంచి లోపలికి పంపాను. ఫిట్టర్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. బ్యాటరీ పక్కన ఫ్యూజు పెట్టె బిగిస్తుంటే అన్న కుర్చీలోంచి లేచాడు. దగ్గరికొచ్చి, బానెట్ అంచు మీద చెయ్యి వేసి, దుకాణమంతా వినబడేలా అడిగాడు.

"ముందట ఫ్యూజు ఎందుకేస్తున్నవ్? ఎనక ఉంది గదా."

నేను తలెత్తి ఆయన్ను చూశాను. ఆయన కళ్ళల్లో ఎగతాళి లేదు. జవాబు ఆయనకు తెలుసు. తెలిసీ, పని నేర్చుకునేవాడిలా అడుగుతున్నాడు, ఆ జవాబు ఈ దుకాణంలో నా నోటితో చెప్పించడానికి. ఆ రోజు తలెత్తని మనిషి ఇప్పుడు నా ఎదుట నిలబడి అడుగుతుంటే నేను ఫ్యూజు బిగించడం ఆపాను. కాసేపు పానా తుడుచుకున్నాను.

"ఎనకది డబ్బాను కాపాడుతది అన్నా. ముందటిది మనుషులను కాపాడుతది" అన్నాను. తర్వాత ఫిట్టర్ల వైపు తిరిగాను. "ఒక్కటే ఏస్తమంటే ముందటిదే ఎయ్యుండ్రి. తలుపు సందులకెల్లి వైరు గుంజకుండ్రి. రంధ్రం వద్దంటే పాట గూడ వద్దని జెప్పుండ్రి."

వాళ్ళలో ఒకడు కౌంటరు వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "గట్ల జెప్తే గిరాకీ పోతది. సేటు కోప్పడితే?"

నేను గొంతు తగ్గించలేదు.

"కోప్పడితే ఈ బానెట్ లేపి సూపియ్యుండ్రి. ఇది సేటు సొంత కారు."